చివరి రెండు చుక్కలు

రాజమల్లయ్య పోయిన సంగతి సిద్దిపేటలో ఆ వాడకట్టంతటికీ తెలుసు. చిన్నకోడూరులోని దాయాదులకు తెలుసు. ఆయనతో ఏనాడూ పొసగని కేబుల్ టీవీ మనిషికి కూడా తెలుసు, పాడె వెనక నాలుగడుగులు నడిచి మరీ వెళ్లాడు. తెలియనిది కన్నకొడుకు మహేందర్‌కు ఒక్కడికే. అతనికి తెలియకుండా చూసే పని కూతురు మైత్రి నెత్తిన పడింది.

మహేందర్ సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో నాయక్. ఐక్యరాజ్యసమితి శాంతిదళంతో దక్షిణ సూడాన్ వెళ్లి ఏడాది కావస్తోంది. నది పక్కన వాళ్లదొక చిన్న శిబిరం. ఆ ఏడు వానలు దంచికొట్టి నది ఊళ్ల మీద పడింది. హెలికాప్టర్ దిగే మైదానం మునిగింది, ఫోన్ టవర్ కూలింది. సర్కారు ఫోన్ ఒకటి ఉన్నా అది సర్కారు పనికే. శిబిరం చుట్టూ నీళ్లు, నీళ్లకవతల ఒకరినొకరు కాల్చుకునే మనుషులు. ఇంటికి మాట చేరడానికి అతనికి మిగిలింది హ్యామ్ రేడియో ఒక్కటే.

హ్యామ్ రేడియో అంటే సైన్యం సెట్టు కాదు. పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, పైసా ఆశించకుండా గాలిలో దేశదేశాల వాళ్లతో మాట్లాడుకునేవాళ్ల సరదా అది. సరదా అంటే రాజమల్లయ్య నొచ్చుకునేవాడు. ఆయన కూడా సిగ్నల్స్‌లోనే చేసి సుబేదార్‌గా దిగిపోయాడు. సిద్దిపేటలో ఇల్లు కట్టుకుని, గోడలకు రంగు వేయించకముందే మిద్దె మీద ఈ మూల నుంచి ఆ మూలకు రాగితీగ కట్టించాడు. సెల్ సిగ్నల్ పోయినా, టీవీ బొమ్మ వణికినా, చివరికి ఎవరి బర్రె పాలు తగ్గినా వాడకట్టు నింద ఆ తీగ మీదే. టవర్ పెట్టించుకుని కిరాయి తింటున్నాడని కూడా చెప్పుకున్నారు. ఆయన ఎవరికీ జవాబు చెప్పేవాడు కాదు. కొడుకు విదేశం వెళ్లే ముందు మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని, పైవాళ్ల అనుమతి ఎట్లా అడగాలో, ఆ దేశపు లైసెన్సు ఎట్లా తెచ్చుకోవాలో చెప్పి, చిన్న సెట్టొకటి సర్ది పంపాడు.

రోజూ పొద్దుమూకే వేళకు తండ్రీకొడుకులు మాట్లాడుకునేవారు. నోటిమాట అంత దూరం సరిగా అందదు, గరగరలో కొట్టుకుపోతుంది. మోర్స్ అందుతుంది. చుక్కలు, గీతలు, వాటితో ఇంగ్లీషు అక్షరాలు, ఆ అక్షరాలతో తెలుగు మాటలు. గాలిలోకి వదిలిన మాట ఎవరైనా వినొచ్చు కనుక డ్యూటీ ముచ్చట్లు ఉండవు. తిన్నవా, వాన పడ్డదా, అమ్మ మోకాలు ఎట్లుంది, ఇంతే. ఈ ఇంత మాటకు ఇంత సరంజామానా అని ఐలవ్వ మొగుణ్ని ఎన్నోసార్లు దెప్పింది. దెప్పుతూనే వంటింటి గడపలో చెవి ఒగ్గి కూర్చునేది.

రెండేళ్ల కింద రాజమల్లయ్యకు పక్షవాతం వచ్చి తగ్గింది కానీ కుడిచేతిలో దాని గుర్తు మిగిలిపోయింది. మోర్స్ కీ మీద చెయ్యి వేస్తే గీత కాస్త ఎక్కువ సాగేది, తర్వాతి అక్షరానికి ముందు చిన్న తడబాటు ఉండేది. వినడం అలవాటైన వాళ్లకు మనిషి చెయ్యి కూడా గొంతులాగే తెలిసిపోతుంది. మైత్రి చిన్నప్పుడే తండ్రి పక్కన కూర్చుని మోర్స్ నేర్చుకుంది. ప్రైవేటు బడిలో సైన్సు చెబుతుంది, లైసెన్సు పరీక్ష మాత్రం ఈ ఏడు కాదు వచ్చే ఏడు అంటూ తప్పించుకుంటూ వచ్చింది. తండ్రిని ఏడిపించాలనిపించినప్పుడు ఆయన తడబడే చేతి తీరును అచ్చం అట్లాగే కొట్టి వినిపించేది. ఏళ్ల తరబడి విని చెవులు పదునెక్కిన ఐలవ్వకు కూడా తేడా తెలిసేది కాదు. ఆ ఆట ఇట్లా అక్కరకొస్తుందని ఎవరనుకున్నారు.

ఈ హ్యాములకు ఒక మర్యాద ఉంది. మాట అయిపోయాక ఒకరు రెండు చుక్కలు కొడతారు, అవతలివారు రెండు చుక్కలు తిప్పి కొడతారు. టిక్ టిక్, టిక్ టిక్. రామ్ రామ్ చెప్పుకున్నట్టన్నమాట. ఆ తర్వాత ఎవరి సెట్టు వాళ్లు కట్టేసుకుంటారు. రాజమల్లయ్య కొడుకుతో మాట్లాడేటప్పుడు ఏనాడూ ఆ చుక్కలు ముందు కొట్టలేదు. మాటలన్నీ అయిపోయినా హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని, కీ మీద వేలు ఉంచి అట్లాగే కూర్చునేవాడు. అక్కడి నుంచి రెండు చుక్కలు వచ్చాకే తనవి రెండు కొట్టి లేచేవాడు. అన్నం చల్లారుతోందని ఐలవ్వ ఎంత కేకలేసినా కదిలేవాడు కాదు. మైత్రి దాన్ని ముసలివాళ్ల పట్టింపుల్లో ఒకటి అనుకుంది, ఎందుకని ఏనాడూ అడగలేదు.

ఆ రోజు పొద్దున, వానకు తీగ జారిందని ఆయన మిద్దెక్కాడు. సరిచేసి దిగుతూ మెట్ల మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు. మైత్రి చెంబు తెచ్చేసరికి తల గోడకు ఆనించి ఉన్నాడు. దవాఖానకు తీసుకెళ్లారు కానీ అది తమ తృప్తి కోసమే. డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి వదిలేశాడు.

శవం వాకిట్లో ఉండగానే కొడుకు మాట వచ్చింది. రాజమల్లయ్య తమ్ముడు నర్సింహ, సైన్యం ఆఫీసుకు ఫోన్ చేస్తే వాళ్లే ఏదో దారి చూస్తారన్నాడు. అందరూ తలలూపారు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన ఐలవ్వ లేచి కూర్చుని వద్దంది.

"కొండపాక చంద్రవ్వ కొడుకు ముచ్చట మీకు ఎర్కే గదా," అంది.

ఎరుకే. సరిహద్దులో ఉన్న ఆ పిల్లవాడికి తండ్రి పోయిన సంగతి ఫోన్‌లో చెప్పారు. దారులు మంచులో మూసుకుపోయి రాలేకపోయాడు. ఆ వారంలోనే డ్యూటీలో ఉండగా తుపాకి తనవైపు తిప్పుకున్నాడు.

"నా కొడుకు నీళ్లల్ల చిక్కుకున్నడు. చెప్పినా రాలేడు. తండ్రికి కొరివి పెట్టనోన్ని అయితినని కుమిలిపోతడు, చేతుల తుపాకి ఉంటది. నాకు ఒక్క పీనిగె చాలు," అంది ఐలవ్వ. "నీళ్లు తియ్యనీ. వాడు వచ్చే దారి పడ్డంక గప్పుడు చెప్పుకుందాం."

ఆ మాటకు ఎదురు చెప్పే దమ్ము అక్కడ ఎవరికీ లేదు. నర్సింహే అన్నకు తలకొరివి పెట్టాడు. వైకుంఠధామం నుంచి తిరిగొచ్చి, తల మీద పోసుకున్న నీళ్లు ఇంకా కారుతుండగానే ఐలవ్వ కూతుర్ని లోపలికి పిలిచింది. పొద్దుమూకితే వాడు పిలుస్తాడని, ఎవరూ పలకకపోతే మనసు పాడు చేసుకుంటాడని చెప్పి, "మీ బాపు లెక్కనే కొట్టు బిడ్డా," అంది.

అంత్యక్రియలకు కరీంనగర్ నుంచి రాజేంద్రప్రసాద్ వచ్చాడు. రిటైరయిన లెక్చరరు, ఇరవై ఏళ్లుగా రాజమల్లయ్యకు రేడియో స్నేహితుడు. హ్యాములలో ఒకరు పోతే 'సైలెంట్ కీ' అంటారు, మూగబోయిన కీ అని. మర్నాడు పొద్దున గాలిలో ఆ కబురు చెబుతారు, విన్నవాళ్లంతా ఒక నిమిషం కీ మీద చెయ్యి వెయ్యరు. ఆ తర్వాత లైసెన్సుతో ఆ మనిషికి ఇచ్చిన పిలుపు అక్షరాలను ఎవరూ వాడరు. ఆ కబురు చెప్పొద్దని మైత్రి ఆయన్ని బతిమాలింది. తండ్రి అక్షరాలతో తానే కొడతానని కూడా చెప్పింది. అది చట్టం ఒప్పుకోని పని. ఆయనకు చట్టం కన్నా వేరే బాధ ఉంది, చచ్చిపోయినవాడి బట్టలు కట్టుకుని తిరిగినట్టనిపించింది.

"ఆయన పేరు గాలిల తిరిగినన్ని దినాలు ఆయనకు నెమ్మది ఉండదమ్మా," అన్నాడు. చివరికి ఐలవ్వ ముఖం చూసి సరేనని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఇల్లంతా చుట్టాలు. మైత్రి గది తలుపు గడియపెట్టి, తండ్రి కుర్చీలో కూర్చుంది. హెడ్‌ఫోన్లకు ఆయన రాసుకునే కొబ్బరినూనె వాసన ఇంకా ఉంది. గరగరలోంచి అన్న పిలుపు సన్నగా వచ్చింది. ఆమె జవాబు కొట్టింది. గీతలు సాగదీసింది, అక్షరానికి ముందు తడబడింది. బాపు ఎట్లున్నవని అక్కడి నుంచి వచ్చింది. బాగనే ఉన్ననని కొట్టింది. ఆ మాట కొడుతూ నోట్లో చున్నీ కుక్కుకుంది. వాన పడ్డదా అన్నాడు. పడ్డదంది. ఇక ఒక్క మాట కూడా తన వల్ల కాదనిపించి, గబగబా రెండు చుక్కలు కొట్టేసి కీ మీద నుంచి చెయ్యి లాక్కుంది.

లాక్కున్నాక తెలిసింది, తాను ముందు కొట్టిందని. అవతల చాలాసేపు ఏమీ లేదు. తర్వాత రెండు చుక్కలు వచ్చాయి, నెమ్మదిగా.

ఆ రాత్రంతా ఆమె చేసిన తప్పునే తలుచుకుంది. తండ్రి పోయిన రాత్రి తండ్రి కోసం ఏడవడానికి కూడా ఆమెకు వీలు దొరకలేదు. మర్నాడు భయం భయంగా కూర్చుంది. అన్న మామూలుగానే పలికాడు. అమ్మ తిన్నదా అని అడిగాడు, చెల్లె బడికి పోతుందా అని అడిగాడు. కాస్త మెల్లగా కొట్టాడు, అది అక్కడి వానల వల్లేమో అనుకుంది. గమనించలేదులే అనుకుని ఊపిరి పీల్చుకుంది. ఆ రోజు నుంచి మాత్రం జాగ్రత్తపడింది. అక్కడి చుక్కలు వచ్చేదాకా తండ్రిలాగే వేలు పెట్టుకుని కూర్చుంది.

పోయినవాడి పేర పిట్టకు పెట్టిన నాడు పిట్ట ముట్టలేదు. విస్తట్లో మటన్ కూర, కల్లు, ఆయనకిష్టమైన సర్వపిండి అన్నీ పెట్టారు. కాకులు గోడ మీద కూర్చుని చూశాయే తప్ప దిగలేదు. ఆయనకు తీరని కోరికేదో ఉందని, చుట్టాలు ఎండలో నిలబడి తలా ఒక మాట ఇచ్చి చూశారు. కొమురవెల్లి మల్లన్నకు ముగ్గుల పట్నం వేయిస్తామన్నారు, మైత్రి పెళ్లి ఘనంగా చేస్తామన్నారు. ఆఖరికి ఐలవ్వ విస్తరి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, కొడుకును క్షేమంగా ఇల్లు చేరుస్తానని మొగుడికి మాటిచ్చింది. ఒక కాకి దిగి మెతుకు ముట్టింది. అందరూ హమ్మయ్య అనుకుని బంతికి కూర్చున్నారు.

దినాలయ్యాక ఇల్లు ఖాళీ అయింది. మైత్రికి సాయంత్రాలు అలవాటయ్యాయి. అలవాటు కావడమేమిటి, వాటి కోసం చూడసాగింది. బడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, వేళ కాకముందే ఆ కుర్చీలో కూర్చునేది. ఆ కాసేపు తండ్రి చెయ్యి ఆమె చేతిలో ఉండేది. ఆయన అనేలాంటి మాటలే తోచేవి, ఆయన విసుక్కునేచోట విసుక్కునేది. వంటింటి గడపలో ఐలవ్వ చెవి ఒగ్గి కూర్చుని, కాసేపు కళ్లు మూసుకునేది. తల్లీకూతుళ్లిద్దరూ ఆ పనికి అన్న క్షేమమని పేరు పెట్టుకున్నారు. అందులో తమ క్షేమం ఎంతుందో ఒకరితో ఒకరు చెప్పుకోలేదు.

మహేందర్ చెల్లెలి గురించే ఎక్కువ అడిగేవాడు. చెల్లె చిక్కిపోయిందా, చెల్లె ఏడుస్తుందా అని ఒకరోజు అడిగాడు. ఎందుకేడుస్తది, మంచిగనే ఉన్నదని ఆమె తండ్రి చేత్తో తన గురించి కొట్టింది.

నీళ్లు తీయడం మొదలైంది. ఒక సాయంత్రం మహేందర్ కబురు పెట్టాడు. ఇంటికి రావడానికి హెలికాప్టర్‌లో ఒకే ఒక్క జాగ దొరికింది. వరుస ప్రకారం తనదే. కానీ తన కింద పనిచేసే లింబాద్రి అనే పిల్లవాడి పెళ్లాం నెలలు నిండి ఉంది. నన్ను రమ్మంటవా, వాన్ని పంపమంటవా అని అడిగాడు. మైత్రి రేపు చెప్తనని కొట్టి, అన్న చుక్కల కోసం ఆగి, కట్టేసి తల్లి దగ్గరికి పరుగెత్తింది.

ఐలవ్వ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "రమ్మను," అంది.

"రమ్మంటె తెలిసిపోతది అమ్మా. బాపు అట్ల అనడు."

అది నిజమే. పెద్ద ర్యాంకువాడు ఆఖర్న ఎక్కాలని, ఆఖర్న తినాలని రాజమల్లయ్య ఆ ఇంట్లో చెప్పని రోజు లేదు. మహేందర్ బూట్లు వేసుకుని మొదటిసారి ఇల్లు దాటిన రోజు కూడా అదే చెప్పాడు.

"తెలిస్తె తెల్వనీ," అంది ఐలవ్వ. "దారి పడ్డది గదా. ఇగ దాసుడెందుకు? నువ్వు మైత్రివని చెప్పు, బాపు లేడని చెప్పు. విమానంల కూసొని ఏడుస్తడు, ఏడ్వనీ. నా కొడుకును రమ్మను బిడ్డా."

సరేనంది మైత్రి. మర్నాడు బడిలో పిల్లలకు పాఠం చెబుతూ కూడా కొట్టాల్సిన మాటలనే మనసులో పేర్చుకుంది. సాయంత్రం కూర్చునేసరికి మబ్బు కమ్మింది, అన్న పిలుపు తేలుతూ మునుగుతూ వచ్చింది. ఏమంటవు అని అడిగాడు. ఇంకేమీ అనలేదు.

ఆమె కీ మీద వేలు పెట్టింది. నేను మైత్రిని అనాలి. అంటే ఇన్ని సాయంత్రాలూ పలికింది ఎవరో కూడా చెప్పాలి. చచ్చిపోయిన తండ్రిని నెలకు పైగా ఆడించిన చెల్లెలిగా అన్న ముందు నిలబడాలి. హెలికాప్టర్ ఎక్కేదాకా అతను తుపాకితో ఒంటరిగా ఉండాలి, చంద్రవ్వ కొడుకులాగే. ఇవన్నీ నిజమే, ఇవన్నీ ఆమె తనకు తాను చెప్పుకుంది. వీటన్నిటి కింద ఇంకొకటి ఉంది. ఆ మాట కొడితే తండ్రి అసలుకే పోతాడు. రేపటి సాయంత్రానికి ఆయన చెయ్యి ఉండదు. ఇంకొక్క వారం, వచ్చే హెలికాప్టర్ దాకా, అంతే కదా అనుకుంది.

పిల్లగాన్ని పంపు, నువ్వు తర్వాత రా, అని కొట్టింది. గీతలు సాగాయి. తడబాటు సరిగ్గా పడాల్సిన చోట పడింది.

అవతల చాలాసేపు ఏమీ లేదు. తర్వాత సరే అని వచ్చింది.

ఆ తర్వాత ఆమె చుక్కల కోసం ఆగింది. రాలేదు. మొదటి రోజు చేసిన తప్పు గుర్తుంది కనుక, ఈసారి తాను ముందు కొట్టకూడదని గట్టిగా అనుకుని, వేలు కదపకుండా కూర్చుంది. గరగర పెరిగింది. మధ్యలో ఒకసారి అన్న సెట్టు ఇంకా తెరిచే ఉన్నట్టు చిన్న టక్కుమన్న చప్పుడు వినిపించింది, కానీ అక్షరమేమీ కాదు. చివరికి గాలి పూర్తిగా మూసుకుపోయి ఏమీ వినిపించలేదు. వాతావరణం పాడయిందనుకుని హెడ్‌ఫోన్లు తీసింది. గడపలో తల్లి లేదు, ఆ రోజు మోకాలు నొప్పెక్కి పడుకుంది.

"ఏమన్నడు?" అని మంచంలోంచే అడిగింది ఐలవ్వ.

"ఆ జాగ వేరేటోనికి పోయిందట. వచ్చే వారం వస్తడట," అంది మైత్రి. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని ఆమెకే తెలియదు.

ఆ తర్వాతి సాయంత్రాల్లో గరగర తప్ప ఏమీ అందలేదు. వచ్చే వారం రాలేదు. అంతకుముందే కబురు వచ్చింది. మునిగిన ఊరి నుంచి జనాన్ని పడవలో దాటిస్తుంటే గట్టు మీది నుంచి కాల్పులు జరిగాయి. మహేందర్‌కు మెడలో తగిలింది. సిద్దిపేటకు పెట్టెలో వచ్చాడు, జెండా కప్పుకుని. చౌరస్తా నిండా ఫ్లెక్సీలు కట్టారు. వాటిల్లో నాయకుల ముఖాలు బారెడు, మహేందర్ ముఖం జానెడు. తుపాకులు గాలిలోకి పేల్చారు. పేల్చినప్పుడల్లా ఐలవ్వ ఉలిక్కిపడింది. పెట్టెను తెరవనిచ్చినప్పుడు కొడుకు తల మీద వెంట్రుకలు అంగుళం కూడా లేకపోవడం చూసి, దవాఖానలో తీసేశారేమో అనుకుంది.

ఈసారి దినాల నాడు పిట్టకు ఎవరూ మాట ఇవ్వలేదు. ఇవ్వడానికి ఏ మాటా మిగల్లేదు. కాకులు వాటంతట అవే దిగి తిన్నాయి.

రాజేంద్రప్రసాద్ తండ్రీకొడుకుల కబురు ఒకే రోజు గాలిలో చెప్పాడు. నిమిషం బదులు రెండు నిమిషాలు కీలు మూగగా ఉన్నాయట. మైత్రి సెట్టు మీద గుడ్డ కప్పింది.

లింబాద్రి వచ్చింది ఆ తర్వాత. నిజామాబాద్ వైపు భీమ్‌గల్ వాడు, ఇరవై నాలుగేళ్లుంటాయేమో. ఇంటికి చేరి కొడుకు పుట్టాడన్న సంతోషం తీరకముందే ఈ కబురు విన్నాడు. ఏ ముఖం పెట్టుకుని రావాలో తెలియక ఇన్ని రోజులు ఆగానని గడపలోనే చెప్పాడు. ఐలవ్వ అతన్ని లోపలికి పిలిచి మంచినీళ్లిచ్చింది, పిల్లవాడు ఎట్లున్నాడని అడిగింది. తన కొడుకు జాగలో వచ్చినవాడని ఆమెకు తెలియదు. మైత్రి గోడకు ఆనుకుని నిలబడింది.

"అన్న నాకు తన జాగ ఇచ్చిండమ్మా," అన్నాడు లింబాద్రి.

ఐలవ్వ చేతిలోని చెంబు కింద పెట్టింది. "జాగ వేరేటోనికి పోయిందన్నరు గదా," అంది కూతురి వైపు చూస్తూ.

లింబాద్రికి ఆ చూపు అర్థం కాలేదు, చెప్పుకుంటూ పోయాడు. ఎవరికైనా చెప్పుకోకపోతే బతకలేనన్నట్టు చెప్పాడు. ఒకరోజు మహేందర్ హెడ్‌ఫోన్లు తీసి, మా బాపు పోయిండు అన్నాడట. ఎవరు చెప్పారని వీళ్లు అడిగారు. ఎవరూ చెప్పలేదన్నాడు. రాజమల్లయ్య వయసులో ఉండగా శ్రీలంకలో పనిచేసినప్పుడు, క్యాంపులో ఉన్న ఒకడు చాయ్‌కి వేళయిందని సెట్టు ముందు కట్టేశాడట. అడవిలో ఉన్నవాడు ఇంకా ఏదో చెప్పబోతూనే ఉన్నాడు, అతను మళ్లీ దొరకలేదు. ఇంటి దగ్గర ఉన్నవాడు ముందు కట్టేయకూడదని రాజమల్లయ్య ఆనాటి నుంచి ఒట్టు పెట్టుకున్నాడట. ఆ సంగతి ఆయన కొడుక్కి ఒక్కడికే చెప్పాడు.

"మా బాపు సచ్చినా ముందుగాల కట్టెయ్యడు. ఇయ్యాల కట్టేసింది మా చెల్లె అన్నడు," అన్నాడు లింబాద్రి. "తెల్లారి నీళ్ల ఒడ్డుకు పోయి నెత్తి గీయించుకున్నడు. నేనే గీసిన. నా కోసమే దాస్తున్నరు, నాకు ఎర్కైందంటె చెల్లె తట్టుకోదు అన్నడు. చెప్పబుద్ధైన నాడు అదే చెప్తదన్నడు."

మైత్రికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ మొదటి సాయంత్రం తర్వాత అన్న ఒక్కసారి కూడా బాపు అని కొట్టలేదు. అమ్మ, చెల్లె, ఈ రెండే. ఇన్నాళ్లూ అతను మాట్లాడింది తనతోనే. నన్ను రమ్మంటవా అని అడిగింది తననే.

"నేను అక్కడున్న ఆఖరి దినం పొద్దుగాల చెప్పిండు. చెల్లె రమ్మంటె నేను పోత, లేకుంటె నువ్వు పోదువు అని," అన్నాడు లింబాద్రి. "ఇక్కడ పొద్దుమూకితె అక్కడ ఇంక పగలే. మాట అయిపోయింది. అయినా అన్న లేస్తలేడు. చీకటి పడ్డది, అన్నం పెట్టిన్రు, లేస్తలేడు. చెవులకు గవే పెట్టుకొని కూసున్నడు. ఏందన్నా అంటె, చెల్లె కట్టెయ్యలే, ఇంకేమన్న అంటదేమో చూస్తున్న అన్నడు."

వీధిలో కూరగాయల బండివాడు మైకులో ధరలు చెప్పుకుంటూ పోయాడు. లింబాద్రి కాసేపు కూర్చుని, ఐలవ్వ కాళ్లకు మొక్కి, బస్సుకు వేళయిందని లేచాడు. ఆమె అతని తల మీద చెయ్యి పెట్టింది, పెట్టి తీసేయడానికి చాలాసేపు పట్టింది.

అతను వెళ్లాక ఐలవ్వ కూతుర్ని కొట్టలేదు, తిట్టలేదు. అలసిపోయిన గొంతుతో ఒక్క మాటే అంది.

"నేను రమ్మన్న గదా బిడ్డా."

పొద్దుమూకింది. మైత్రి గదిలోకి వెళ్లి సెట్టు మీది గుడ్డ తీసింది. హెడ్‌ఫోన్లు పెట్టుకోలేదు, స్పీకరు పెట్టింది. అదే సాయంత్రం, అదే గరగర. కీ మీద వేలు పెట్టి తన చేత్తో కొట్టింది. గీతలు సాగలేదు, తడబాటు లేదు. అన్నా, నేను మైత్రిని. బాపు లేడు. నువ్వు రా.

ఏమీ రాలేదు. గరగర అట్లాగే ఉంది. చాలాసేపటికి ఆమె వేలు చుక్కల కోసం లేచింది. గడపలోంచి తల్లి గొంతు వినిపించింది. ఎప్పుడొచ్చి కూర్చుందో, చెవి ఒగ్గి అక్కడే ఉంది.

"కట్టెయ్యకు," అంది ఐలవ్వ.

మైత్రి వేలు వెనక్కి తీసుకుని కూర్చుంది.